బతికున్నవాళ్ల బియ్యం

వర్ధన్నపేట,
1978 సెప్టెంబర్ 8

బావ వెంకట్రాజానికి గుండయ్య రాస్తున్నది.

మేమంతా క్షేమం అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. నేను చనిపోయానట. మొన్న పోస్టులో తెలిసింది.

పోస్టుమన్ నీలం కవరు తెచ్చి అరుగు మీద పెట్టి, "గుండయ్య భార్యకట" అన్నాడు. నాకు కాదు, రాజవ్వకు. పెళ్లయినప్పటి నుంచి ఆమెకు ఒక్క కార్డు ముక్క వచ్చిన పాపాన పోలేదు, ఇప్పుడు ఏకంగా ఆస్ట్రేలియా నుంచి. బడి సారు సారంగపాణి చదివి అర్థం చెప్పాడు. "అమ్మా, మీ భర్త నాకు యుద్ధంలో తెలుసు. మంచివాడు, బరువు చాలా తక్కువ. ఆయన ఎక్కిన విమానం సముద్రంలో కూలిందని విన్నాను. మీకు రాయాలని అనుకుంటూనే గోధుమలు, గొర్రెలు, వాన కోసం ఎదురుచూపు, వీటితో ముప్ఫై మూడేండ్లు గడిపేశాను. కాళ్లు ఆడుతుండగానే వచ్చి మిమ్మల్ని పలకరించి పోవాలని ఉంది." కింద సంతకం, క్లెమ్.

క్లెమ్, బావా! నువ్వు ఈ కథ ఎన్నిసార్లు విన్నావో, విని ఎన్నిసార్లు ఆవులించావో నాకు తెలుసు. అయినా ఇంకోసారి విను. నిజాం పల్టన్‌లో పోయి, సింగపూర్‌లో జపానువాళ్లకు చిక్కి, న్యూగినీ అడవుల్లో గడ్డీ ఆకులూ తిని నేను ఎముకల మూటనైనప్పుడు ఆస్ట్రేలియా సిపాయిలు వచ్చి విడిపించారు. అందులో ఈ రైతు నన్ను గొర్రెపిల్లను వేసుకున్నట్టు భుజాల మీద వేసుకున్నాడు. నాకు సోయి తప్పుతుంటే "పేరు చెప్పు, ఊరు చెప్పు" అని గదుముతూ నడిచాడు. పొదల్లోంచి తుపాకీ పేలింది. అతడు పడ్డాడు, అతడి మీద నేను పడ్డాను. నన్ను ఇంకొకడు ఎత్తుకుపోయాడు. తల తిప్పి చూస్తే క్లెమ్ బురదలో కదలకుండా ఉన్నాడు.

చనిపోయాడనే అనుకున్నాను. ఇంటికి చేరిన ఏడాది నుంచి పెత్తరమాసనాడు పోయిన తాతకు, నాయినకు అయ్యగారి చేత పేర్లు చదివించి బియ్యం ఇచ్చేటప్పుడు అతడి పేరుమీద ఒక విస్తరి పెడుతూనే ఉన్నాను. అతడేమో నేను విమానంలో పోయాననుకున్నాడు. ఆ రోజు నేను విమానం ఎందుకు ఎక్కలేదో నీకు తెలుసు. కడుపు ఆగక దవాఖానలో ఉండిపోయాను. ఆ సంగతి ఊళ్లో మళ్లీ చెప్పకు.

ఇప్పుడు పెత్తరమాస వస్తోంది. బతికున్నవాడికి బియ్యం ఇయ్యాల్నా వద్దా అని రాజవ్వ ప్రాణం తీస్తోంది. నువ్వు నాలుగూళ్లు తిరిగినవాడివి, ఏదో ఒకటి చెప్పు. వెక్కిరింత తగ్గించి రాయి.

ఇంకా ఉన్న నీ బామ్మర్ది,
గుండయ్య


బల్లార్షా,
1978 సెప్టెంబర్ 17

కీర్తిశేషులైన బామ్మర్దికి,

నీ ఉత్తరం అందింది. చనిపోయాక నీ చేతిరాత బాగుపడింది. మీ అక్క మొగిలమ్మకు చదివి వినిపిస్తే మొదటి మాటకే శోకం ఎత్తుకుంది. పక్క క్వార్టర్ల ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నాక నువ్వు బతికే ఉన్నావని తెలిసి అందరూ కొంచెం నిరాశపడి వెళ్లారు.

నువ్వు చేసిన ఘనకార్యం నీకు అర్థమైందా? ముప్ఫై ఏండ్లుగా ఒక నిక్షేపంగా ఉన్న మనిషిని మా మామ పక్కన, మీ తాత పక్కన కూర్చోబెట్టి బియ్యం, పప్పు, చింతపండు, సొరకాయ ముట్టజెప్పావు. పోయినవాళ్లకు ఇస్తే పుణ్యం. మరి ఉన్నవాడి పేరుమీద ఇస్తే ఆ బియ్యం ఎక్కడి నుంచి వస్తుంది? వాడి కంచంలోంచే కోత పడుతుంది. ఇక్కడ నువ్వు సోలెడు పోస్తే అక్కడ సోలెడు తగ్గుతుంది. పాపం, వాన కోసం చూస్తున్నానని రాశాడు కదా. నువ్వు పితరుల్లో కలిపినవాడికి వాన ఏ ఖాతాలో పడాలి?

నా మాట విని నువ్వు బతికున్న సంగతి ఆయనకు రాయకు. రానివ్వు. రాజవ్వ చెల్లెను ముసుగేసి కూర్చోబెట్టు. నువ్వు తలుపు చాటున నిలబడి విను. నీ గురించి నాలుగు మంచి మాటలు వినే అవకాశం ఇక రాదు.

రెండు గూడ్సు బండ్ల మధ్య తీరికలో రాసినది.
నీ బావ, పాయింట్స్‌మన్ వెంకట్రాజం


వర్ధన్నపేట,
1978 అక్టోబర్ 6

బావకు,

నువ్వు చెప్పింది నిజమేనట. నీ ఉత్తరంలో ముక్క అయ్యగారికి చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు తల ఊపి, "అవును, శాస్త్రంల గట్లనే ఉంది, కోత పడతది" అన్నాడు. రాజవ్వకు ఆ రోజు అన్నం సయించలేదు. తాను స్వయంగా చెరిగి పోసిన బియ్యం ఆ మనిషి కంచంలోంచి తీసినట్టయిందని ఒకటే ఏడుపు. మొన్న పెత్తరమాసకు క్లెమ్ విస్తరి పెట్టలేదు. తాతకూ నాయినకూ మాత్రం ఇచ్చాను. విస్తళ్ల వరుసలో ఆ జాగ బోసిపోయి కనిపించింది.

దోషం పోవాలంటే ఒకటే దారి అని అయ్యగారు చెప్పాడు. పితరుల్లో కలిసినవాడు మళ్లీ పుట్టాలి. అంటే మన ఇంటి కడప దాటకముందే, పసిపిల్లను వేసినట్టు తొట్టెలలో వేసి, మేనత్త చెవిలో కొత్త పేరు చెప్పాలి. నా ఇంట్లో పుట్టినట్టు లెక్క కాబట్టి మేనత్త మా అక్కే. అక్కను పంపు. నువ్వూ రా, కాని ఆయన ముందు నీ నోరు జర కట్టేసుకుని రా.

నేను బతికే ఉన్నానని సారంగపాణి సారుతో రాయించాను. నీలాంటి వంకర బుద్ధి నాకు లేదు. దానికి టెలిగ్రాం వచ్చింది. "ఫిబ్రవరి వరకు చావకు. వస్తున్నాను." అంతే.

ఆయనకు పన్నెండు వందల ఎకరాలట. ఆ మాట ఊళ్లో పొక్కగానే రాజేశ్వర్ రావు దొర మా ఇంటికి వచ్చి కుర్చీ లేదని చూడకుండా మంచం మీదే కూర్చున్నాడు. స్టేషన్‌కు తన జీపు పంపుతాడట.

గుండయ్య


బల్లార్షా,
1978 నవంబర్ 2

గుండయ్యకు,

నేను నవ్వుకోవడానికి కల్పించిన మాట అది. చాయ్ తాగుతూ కల్పించాను. మీ అయ్యగారు అది ఏ శాస్త్రంలో చూశాడో అడిగి నాకు రాయి, నేను ఇంకా ఏమేం రాశానో ఆ పుస్తకంలో చూసుకుంటాను.

దొర జీపు ఊరికే పంపడం లేదు. భూముల సీలింగు వచ్చినప్పుడు చనిపోయిన తల్లిని బతికించి ఆమె పేరున చెలక రాయించినవాడు, పుట్టని మనవడి పేరున పొలం పట్టా చేయించినవాడు. నీ క్లెమ్ పన్నెండు వందల ఎకరాలు ఏ చనిపోయినవాళ్ల పేరుమీద దాచాడో కనుక్కోవడానికి వస్తున్నాడు. మీ ఊళ్లో ఉన్నవాళ్లను చంపినా, పోయినవాళ్లను లేపినా అడిగేవాడు లేడు. నీ ఒక్కడికే దోషం అంటుకుంది.

ఇక నోరు కట్టేసుకుని రమ్మన్నావు. కట్టేసుకుని వచ్చే నోరు నాకు లేదు కాబట్టి నేను రావడం లేదు. మీ అక్కను రైలెక్కిస్తాను. నీ అతిథి ముందు నీకు తలవంపులు తెచ్చే బావ ఎందుకు?

వెంకట్రాజం


వర్ధన్నపేట,
1979 ఫిబ్రవరి 25

బావకు,

నువ్వు రాకుండా అలిగి మంచి తమాషా పోగొట్టుకున్నావు. అక్క వచ్చి చెప్పేదాకా ఎందుకు, నేనే రాస్తాను.

కాజీపేటలో రైలు దిగినవాణ్ని గుర్తుపట్టలేదు. ఆరడుగుల మనిషి, ఎండకు కాలి ఎర్రమట్టి రంగు తేలి ఉన్నాడు, కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. తూటా తొడలో తగిలిందట. నేను బురదలో చూసినప్పుడు సోయి లేక పడి ఉన్నాడంతే. ఆయనా నన్ను గుర్తుపట్టలేదు. పక్క నుంచి పోతుంటే నేను "గుండయ్య, వర్ధన్నపేట" అని అరిచాను, అడవిలో అరిచినట్టే. ఆగి, నా నడుం పట్టి ఎత్తి దించి, తన ఇంగ్లీషులో "లావైనవ్" అన్నాడు. ప్లాట్‌ఫారం మీద ఇద్దరం ముసలోళ్లం ఏడ్చాం. దొర జీపు డ్రైవర్ సిగ్గుపడి ఇంజను చూసుకున్నాడు.

తొట్టెల సంగతి విను. అంత మనిషికి తొట్టెల ఎక్కడిది? నులక మంచాన్ని తాళ్లతో కొట్టం దూలానికి కట్టాం. సారంగపాణి సారు విషయమంతా చెబితే క్లెమ్ ఒక్క మాట అడగకుండా బూట్లు విప్పి మంచంలో పడుకుని కాళ్లు ముడుచుకున్నాడు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. అక్క వంగి చెవిలో "కట్టయ్య" అని చెప్పింది, మా నాయిన పేరు. రెండో ఊపుకు తాడు తెగి ఆయన పెండ మీద పడ్డాడు. పడి నవ్వుతుంటే రాజవ్వ కూడా నవ్వింది, ఆ మొఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లైందో. అప్పుడు కడప దాటించాం.

"ముప్ఫై ఏండ్లు నువ్వు సచ్చినవని బియ్యమిచ్చిన" అని సారుతో నేనే చెప్పించాను. ఆయన తన సంగతి చెప్పాడు. వాళ్లకు ఏప్రిల్ ఇరవై ఐదు సిపాయిల దినమట. తెల్లవారకముందే లేచి చౌరస్తాలో రాయి ముందు నిలబడి పోయినవాళ్లను తలుచుకుంటారు. తర్వాత కల్లుదుకాణం లాంటిచోట చేరి తాగుతారు. ఈయన ఏటా రెండు గ్లాసులు కొని, ఒకటి తాగి, ఒకటి నా పేరున బల్ల మీద నిండుగా వదిలేసి వస్తాడట. మనం పోయినోళ్ల పేరున కల్లు సాక పోసినట్టే. ఇక పోయకు, నేను బతికే ఉన్న కదా అన్నాను. సరేనన్నట్టు తల ఊపాడు.

దొర వచ్చి అడగనే అడిగాడు, ఎంతమంది జీతగాళ్లు అని. "నేనొక్కణ్నే, నా భార్య డోరిస్ ట్రాక్టరు తోలుతది" అన్నాడు. సీలింగు ఎట్లా తప్పించుకున్నావంటే, "యుద్ధం నుంచి వచ్చినోళ్లకు సర్కారు ఇసుక దిబ్బలు పంచింది. మొద్దులు పెరికి, కుందేళ్లతో కొట్లాడి చేను చేసిన. వాన లేని ఏడు గాలికి మట్టి లేచిపోతది. ఎవరన్న తీసుకుంటనంటే ఇప్పుడే ఇస్త" అన్నాడు. మహా జిత్తులమారి, గుట్టు బయటపెట్టడం లేదని దొర మెచ్చుకుని పోయాడు.

ఖిలా వరంగల్ తీసుకుపోతే తోరణాల వైపు ఒక్క చూపు చూసి, కోట లోపల కూరగాయలు పెట్టేవాళ్ల దగ్గర మట్టి పిడికిలి తీసుకుని వాసన చూస్తూ కూర్చున్నాడు. కేసముద్రం మార్కెట్‌లో వడ్ల కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, గింజ కొరికి, తడి లేదని కొనేవాడితో వాదం పెట్టుకున్నాడు. కాని నాకు మరుపురానిది ఒకటే. మన నాలుగెకరాల దగ్గర బావి గట్టున కూర్చుని నీళ్లు చూస్తూ ఉండిపోయాడు. "నీకు బావి ఉన్నది. నువ్వే దొరవు" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

పోయేటప్పుడు రాజవ్వకు ఉన్ని కంబళి ఇచ్చాడు, తన గొర్రెలదే, తన చేత్తో కత్తిరించిందే. నేను బతికున్నానని తెలియకముందే విధవకని సిద్ధం చేసి పెట్టాడట. మా ఎండలకు ఆమె దాన్ని ఏం చేస్తుందో నువ్వే చెప్పు.

గుండయ్య


బల్లార్షా,
1979 మార్చి 14

గుండయ్యకు,

అంతా బాగుంది. నీ ఇంట్లో అరవై ఏండ్ల పిల్లాడు పుట్టాడు, పేరు పెట్టింది నా భార్య. అంటే ఆ ఆరడుగులవాడికి నేను మామను. నా మేనల్లుడి తొట్టెలకు నన్నే పిలవలేదు. నా నోరు కట్టేసుకుని రమ్మన్నావు, అది పిలుపు అనుకోమంటావా?

మీ అక్క వచ్చినప్పటి నుంచి ఒకటే పొగడ్త. ఆయన ఎంగిలి పళ్లెం ఆయనే కడుక్కున్నాడట. ఆ మాట చెప్పి నా వైపు చూస్తుంది. పన్నెండు వందల ఎకరాలుంటే నేనూ కడుక్కుంటాను అన్నాను. అప్పటి నుంచి నాకు చాయ్ బంద్.

అయినా తాడు తెగిందని చదివి నవ్వినవాణ్ని మళ్లీ నవ్వాను. కంబళి నాకు పంపు. చలికాలం పట్టుకున్న నా దగ్గు ఇంకా తగ్గడం లేదు.

మామ కాలేకపోయిన
వెంకట్రాజం


వర్ధన్నపేట,
1983 మార్చి 20

బావకు,

నువ్వు రిటైరై అక్కడే ఇల్లు వేసుకున్నాక ఉత్తరాలు తగ్గించావు. నేనూ తగ్గించాను. కాని ఇది రాయకపోతే నాకు నిద్ర రాదు.

క్లెమ్ ఉత్తరం వచ్చింది. పోయిన ఏడు అక్కడ వాన చుక్క పడలేదు. గోధుమ మొలవలేదు. చెరువులు ఎండి బీటలు వారాయి. గొర్రెలు నిలబడలేక పడిపోతుంటే కొనేవాడు లేడు, మేపేందుకు గడ్డి లేదు. గుంత తవ్వించి, వరుసగా నిలబెట్టి, తన చేతులతోనే కాల్చాడట. యుద్ధం తర్వాత మళ్లీ తుపాకీ పట్టుకున్నది ఇదేనని రాశాడు. ప్రతి గొర్రె తన మొఖం వైపే చూసిందట. తర్వాత ఎర్ర దుమ్ము లేచి పట్టపగలు దీపాలు పెట్టుకున్నారట. సారంగపాణి సారు చదవలేక మధ్యలో ఆపాడు. రాజవ్వ కంబళి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

బావా, నిజం చెప్పు. కంచంలోంచి కోత పడుతుందన్నది నువ్వు కల్పించిందేనా, లేక పెద్దవాళ్లు ఎవరైనా అన్నదేనా? నువ్వు కల్పించానని రాశావు. అయ్యగారు ఉందన్నాడు. మరి ఇక్కడ నేను ముప్ఫై ఏండ్లు పోసింది అక్కడ ఇప్పుడు లెక్క తేలుతున్నట్టుంది. తొట్టెల తాడు తెగినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నేను మోయించుకున్నది చాలక అతడి నోటి దగ్గరిది కూడా తీశానా? ఈ ఒక్కదానికి జవాబు రాయి.

గుండయ్య


చాందా దవాఖాన,
1983 సెప్టెంబర్ 19

గుండయ్యకు,

ఆలస్యమైంది. ఈ మంచం మీద చేరాక పెన్ను పట్టుకోవడానికి కూడా డాక్టరును అడగాల్సి వస్తోంది. ఊపిరి అందడం లేదు. నలభై ఏండ్లు పట్టాల పక్కన నిలబడి మింగిన బొగ్గు పొగ లోపల గట్టిగా కాపురం పెట్టిందట. మీ అక్కకు ఏం కాదని చెప్పాను, ఆమె నమ్మినట్టు నటిస్తోంది.

నీ ప్రశ్నకు జవాబు. నేను కల్పించిందే, గుండయ్యా. మీ అయ్యగారు నా కంటే పెద్ద కల్పనాకారుడు. బియ్యం బియ్యమే, వాన వానే. నీ సోలెడు బియ్యానికి అంత దూరం పోయి మబ్బులను ఆపే బలం ఉంటే నిన్ను రాష్ట్రపతిని చేసేవాళ్లు. అయినా ఒక మాట అడుగుతాను. నువ్వు ఇచ్చినన్నాళ్లూ అతడు దివ్యంగా ఉన్నాడు, ఆపాకే కదా ఈ గోలంతా? ఇది కూడా శాస్త్రంలో ఉందేమో అయ్యగారిని అడుగు.

ఇక్కడ పక్క మంచం ముసలాయన పొద్దున పోయాడు. నర్సు వచ్చి పొరపాటున నా దుప్పటి మొఖం మీదికి లాగింది. "ఇంకా టైముంది బేటీ" అన్నాను. నీ వంతు ఒకసారి అయింది కదా, పోస్టులో చనిపోవడం. నాది మామూలుగానే అయ్యేట్టుంది. పెత్తరమాస దగ్గరపడింది, తొందరపడి విస్తరి పెంచకు.

వెంకట్రాజం


వర్ధన్నపేట,
1983 అక్టోబర్ 7

బావకు,

మొదట చెడ్డ కబురు. క్లెమ్ పోయాడు. ఆగస్టులో, గొర్రెల కొట్టంలో కుప్పకూలాడట. గొర్రెలు లేని కొట్టంలో ఏం పనో. డోరిస్ రాసింది. నీ ఉత్తరం, ఆమె ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. ఏది ముందు చదివించాలో తెలియక రెండూ చేతిలో పట్టుకుని బడి దాకా నడిచాను.

ఆమె రాసింది విను. మన ఊరి నుంచి పోయాక కూడా ఈయన ఏటా ఏప్రిల్‌లో రెండు గ్లాసులు కొనడం ఆపలేదట. నా పేరున నిండు గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేవాడట. ఆ హిందుస్తానీ బతికే ఉన్నాడు కదా, నువ్వే పోయి ఉయ్యాల ఊగి వచ్చావు కదా అని అంతా నవ్వేవాళ్లట. "అందుకే. ముప్ఫై ఏండ్లు పోసిన, మనిషి బతికిండు. ఆపి చూసే ధైర్యం నాకు లేదు" అనేవాడట. ఈ ఏప్రిల్‌లో చేతిలో డబ్బు లేక ఒక్క గ్లాసే కొన్నాడట. అది నాది.

అతడు ఆపలేదు బావా. నేను ఆపాను. ఒక అయ్యగారి మాటకు, నీ ఒక్క వెక్కిరింతకు ఆపాను. బడి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

నిన్న పెత్తరమాస. విస్తళ్లు పరిచాం. తాతకు, నాయినకు ఇచ్చాను. క్లెమ్ విస్తరి పెట్టాను, ఈసారి నిజంగానే పోయినవాడికి. రాజవ్వ ఆ విస్తరి కింద కంబళి పరిచింది. తర్వాత నాలుగో విస్తరి వేశాను. ఎవరిదన్నాడు అయ్యగారు. వెంకట్రాజం అన్నాను.

"మొగిలమ్మ పెనిమిటా? ఆయన బతికే ఉన్నడు గదా. బతికున్నోళ్లకు ఇస్తే కోత పడతదని చెప్పలేదా?"

"ఆ శాస్త్రం రాసినాయనే దవాఖానల పడ్డడు. గందుకే రద్దు చేస్తున్న. పేరు చదువు" అన్నాను.

చదివాడు. సోలెడు కాదు, మానెడు పోశాను. నీకు ఇష్టమని సొరకాయ బదులు వంకాయ పెట్టాను. వచ్చే ఏడు కూడా పెడతాను, ఆ పై ఏడు కూడా. ఎవరేం చెప్పినా ఈసారి ఆపను.

కోపం వస్తే లేచి వచ్చి తిట్టు. నోరు కట్టేసుకోకుండా రా.

నీ బామ్మర్ది,
గుండయ్య